మచిలీపట్నం అని రాసింది నేనే

ఇందిరానగర్‌లో హండ్రెడ్ ఫీట్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే ఒక పబ్బు ఉంది. అక్కడ ప్రతి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి క్విజ్ పెడతారు. శుక్ర, శనివారాలు జనం ఎటూ వస్తారు కాబట్టి, వారం మధ్యలో ఖాళీగా ఉండే బల్లల కోసం మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడైతే ఏడున్నర దాటితే కుర్చీ దొరకదు. మేం నలుగురం ఏడాదిన్నరగా వెళ్తున్నాం. మా జట్టు పేరు ‘ఆవకాయ’.

నేను చెప్పబోయేది నవంబరులో ఒక గురువారం సంగతి. సరైన జవాబు మా బల్ల మీదే ఉండగా నేను వేరేది రాశాను. అది తెలియక జరిగిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

ముందు మా నలుగురి గురించి చెప్పాలి. నాది కాకినాడ. మా ఆయనది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. క్రికెట్టు, చరిత్ర, యుద్ధాలు ఆయనవి. పక్క ఫ్లాట్ అన్నయ్య బెంగళూరులోనే పుట్టి పెరిగినవాడు. వాళ్ళ తాతలు హిందూపురం వైపు నుంచి వచ్చారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ మధ్యలో కన్నడం ‘గురూ’, ‘సరి బిడి’ పడుతూనే ఉంటాయి. ఇక నాలుగోవాడు మా ఆయన ఆఫీసులో జూనియర్, ఆమదాలవలస కుర్రాడు. నన్ను వదినా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. సన్నటి గొంతు. నలుగురిలో ఉన్నప్పుడు తనంతట తాను మాట్లాడడు.

పెన్ను మాత్రం నాది. దస్తూరి బాగుంటుందని మొదటి వారం నా చేతికి ఇచ్చారు, అప్పట్నుంచి నాతోనే ఉండిపోయింది. పెన్ను పట్టుకున్న మనిషి జట్టులో ఎంత ముఖ్యమో ఆ నవంబరు దాకా నాకు తెలియలేదు. నలుగురూ నాలుగు మాటలు చెబితే కాగితం మీదికి ఎక్కేది ఒక్కటే. ఆ ఒక్కటి ఏదో తేల్చేది పెన్ను పట్టుకున్న మనిషే.

ఆట ఇలా నడుస్తుంది. తలకి 150 రూపాయలు. లోపలికి వెళ్ళగానే ఫోన్లన్నీ బల్ల మధ్యలో ఉన్న వెదురు బుట్టలో బోర్లించి పెట్టాలి. ఆట అయ్యేదాకా ఎవరి చెయ్యి బుట్టలోకి వెళ్ళినా ఆ రౌండు మార్కులు పోతాయి. ఒక బొమ్మల కాగితం ఇస్తారు, అందులో పది బొమ్మలు. అది ఆట సాగుతుండగానే నింపుకోవాలి. అది కాక పది ప్రశ్నల చొప్పున నాలుగు రౌండ్లు. ప్రతి జట్టుకీ ఒక జోకర్ ఉంటుంది. రౌండు మొదలవక ముందే దాన్ని ఆడాలి, ఆడితే ఆ రౌండులో వచ్చినవి రెట్టింపవుతాయి. రౌండు అయ్యాక కాగితం పక్క బల్లకి ఇస్తాం, మాది వాళ్ళు దిద్దుతారు, వాళ్ళది మేం దిద్దుతాం. మొదటి జట్టుకి బిల్లులో 3000 రూపాయలు తగ్గిస్తారు, రెండో జట్టుకి 1500. డబ్బు కోసం ఎవరూ రారు. ఆ రెండు గంటలూ బల్ల మీదికి నాలుగు తలలు ఒంగి ఒకే విషయం ఆలోచించడం కోసం వస్తారు. నాకు మాత్రం వారం మొత్తంలో అంత ఇష్టమైన రెండు గంటలు వేరే లేవు.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. బల్లకీ బల్లకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. జవాబు గట్టిగా అంటే పక్కవాళ్ళు రాసేసుకుంటారు. అందుకని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకి ఒంగి, గుసగుసగా చెప్పాలి. పైన స్పీకరు మోగుతుంటుంది, పక్కన గ్లాసులు, వెనక నవ్వులు. అసలే చిన్న గొంతున్న మనిషి ఆ గుసగుసలో ఏమైపోతాడో ఆలోచించండి.

పబ్బుల్లో క్విజ్ అనేది బ్రిటన్‌లో 1970లలో ఊపందుకున్న అలవాటు. మన దేశంలో నీల్ ఓబ్రయిన్ 1967లోనే కలకత్తాలో అందరూ పాల్గొనే క్విజ్ పెట్టారు. బెంగళూరుకి ఈ పిచ్చి పాతదే. కర్ణాటక క్విజ్ అసోసియేషన్ 1983లో మొదలైంది. అన్నయ్య కుర్రతనంలో ఆ పోటీలకి వెళ్ళేవాడట, ఒకసారి మమ్మల్నీ అలాంటి ఆదివారం క్విజ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ తాగుడూ లేదు, పాటలూ లేవు, సూది పడితే వినబడుతుంది. ‘పౌన్స్’ అంటే తమ వంతు రాకముందే సాహసించి జవాబు రాసివ్వడం, ‘సిట్టర్’ అంటే అందరికీ వచ్చే ప్రశ్న, ‘ఫండా’ అంటే ప్రశ్న వెనక ఉన్న అసలు కిటుకు. ఈ మాటలన్నీ అక్కడే నేర్చుకున్నాం. అన్నయ్య అప్పుడు చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ‘మంచి ప్రశ్నలో దండగ మాట ఒక్కటీ ఉండదమ్మా. సంవత్సరం చెప్పారంటే దానికో పని ఉంది. ఊరు చెప్పారంటే దానికో పని ఉంది.’

వినగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి రాత్రులు అరుగు మీద పడుకోబెట్టి పొడుపు కథలు వేసేది. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.’ కనురెప్పలు. అంతా చెప్పేసి పేరొక్కటే దాచడం. క్విజ్ ప్రశ్న కూడా అదే కదా. విప్పలేకపోతే అమ్మమ్మ జవాబు చెప్పేది కాదు, ‘ఊరిచ్చేయ్’ అనేది. కాకినాడ ఇచ్చేశాననాలి, అప్పుడు చెప్పేది. చిన్నప్పుడు ఊరు ఇచ్చెయ్యడానికి నాకు ఏడుపొచ్చేది.

ఆ గురువారం మొదటి రౌండు బాగానే సాగింది. బెంగళూరు క్లబ్బుకి 13 రూపాయలు బాకీ ఉండిపోయిన సైనికాధికారి ఎవరన్నది ఈ ఊళ్ళో సిట్టర్. 1896లో తన దళంతో ఇక్కడికి వచ్చిన విన్‌స్టన్ చర్చిల్. హాల్లో ప్రతి బల్లా రాసింది. 1902లో శివనసముద్రంలో పుట్టిన కరెంటు ముందుగా ఎక్కడికి వెళ్ళిందని ఇంకోటి. బెంగళూరు అని రాయబోతే అన్నయ్య నా మణికట్టు పట్టుకుని ఆపాడు. అది కోలారు బంగారు గనులకి వెళ్ళింది, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. ఎనిమిది వచ్చాయి. రెండో రౌండు పాటలూ టీవీ, ఆరు. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

మూడోది చరిత్ర, భూగోళం. జోకర్ ఇక్కడే ఆడాం. ఆ రౌండు మాదే అనుకున్నాం, నిజంగా మాదే. వాషింగ్టన్‌లో ఉన్న నీలం హోప్ వజ్రం, పారిస్‌లోని లూవ్ర మ్యూజియానికి చెందిన రీజెంట్ వజ్రం, ఈ రెండింటి పుట్టినిల్లు ఏది, ఇప్పుడు అది దేని కింద ఉంది అని అడిగారు. చాలా బల్లలు గోల్కొండ అని రాసి ఆగిపోయాయి. మా ఆయన ముఖం వెలిగిపోయింది. గోల్కొండ వజ్రాల బజారు, గని కాదు. గని కృష్ణ ఒడ్డున కొల్లూరు. ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ మేనమామ సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి ఆ గుంటలు చూపించాడట. ఆ సంగతి పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు, ప్రశ్న అడిగితే గానీ బయటికి రాలేదు.

ఏడో ప్రశ్న వచ్చింది. క్విజ్ నడిపే అమ్మాయి మైకులో రెండుసార్లు చదివింది, తెర మీద కూడా వేసింది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అన్న పదాన్ని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్, 1789లో ఈ రేవు పట్టణాన్ని ముంచిన ఉప్పెన గురించి రాశాడు. 1839లో ఇంకో ఉప్పెన దాన్ని మళ్ళీ తుడిచిపెట్టింది. ఒకప్పుడు బర్మాలో, ఈ రేవు పేరుతోనే మన తీరం నుంచి వెళ్ళిన కూలీలను పిలిచేవారు. రేవు పేరేమిటి?’

మా ఆయన వెంటనే, ‘బందరు. పద్ధెనిమిది వందల అరవై నాలుగు ఉప్పెన, ముప్పై వేల మంది పోయారు’ అన్నారు. ఆయన గొంతులో అనుమానం లేదు. కొల్లూరు చెప్పి అప్పటికి నిమిషం కూడా కాలేదు. అన్నయ్య తలూపాడు. నేను మచిలీపట్నం అని రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు నుంచి తమ్ముడు, ‘వదినా, అది కాదేమో... కోరం...’ అన్నాడు. అంతవరకు విన్నాను. మిగతాది స్పీకరు మింగేసింది. నేను రాస్తూ రాస్తూనే ఎడమ చెయ్యి ఎత్తి, ఒక్క నిమిషం అన్నట్టు చూపించాను. రాయడం అయ్యేసరికి ఎనిమిదో ప్రశ్న మొదలైంది. అతను ఊరుకున్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

రౌండు పూర్తయ్యేవరకు కాగితం మా దగ్గరే ఉంటుంది, కావలసినన్నిసార్లు దిద్దుకోవచ్చు. ఇంకా మూడు ప్రశ్నల సమయం ఉంది. ప్రశ్నలో సంవత్సరాలు రెండు ఉన్నాయి, అవి 1864 కాదని కళ్ళకి కనబడుతూనే ఉంది. దండగ మాట ఉండదన్న అన్నయ్యా చూసుకోలేదు, ఆ మాట బాగా పట్టిందన్న నేనూ చూసుకోలేదు.

జవాబు చదివారు. కోరంగి.

కోరంగి మా కాకినాడకి 20 కిలోమీటర్ల లోపే. చొల్లంగి అమావాస్య తీర్థానికి ఆ దారినే వెళ్తాం. మడ అడవుల్లో పడవ ఎక్కాను, చెక్కల వంతెన మీద నడిచాను, బడి పిల్లలతో విహారానికి వెళ్ళాను, పెళ్ళయ్యాక మా ఆయన్నీ తీసుకెళ్ళాను. నీటికుక్కలూ కొంగలూ చూసి వచ్చాం. అక్కడ ఓడలు కట్టేవారనీ, అదొక పెద్ద రేవనీ, అక్కడి పేరు సముద్రం దాటి మనుషులకి అంటుకుందనీ నాకు ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మమ్మ ఉంటే ఊరిచ్చేయ్ అనేది. నేను నిజంగానే మా ఊరు ఇచ్చేశాను.

పక్క బల్ల వాళ్ళు దిద్దిన కాగితం తిరిగొచ్చింది. మచిలీపట్నం మీద ఇంటూ గుర్తు. రౌండులో ఏడు, జోకర్‌తో పద్నాలుగు. తప్పుపోయిన మిగతా రెండూ మాలో ఎవరికీ తెలియవు, వాటికి బాధ లేదు.

అప్పుడు చిత్తు కాగితం వంక చూశాను. ప్రతి రౌండుకీ ఒక తెల్ల కాగితం బల్ల మధ్యలో పెట్టుకుని అందరం గీస్తుంటాం. మా ఆయన వైపు కృష్ణా నది వంకర గీసి ఉంది. మధ్యలో నిమ్మ సోడా గ్లాసు పెట్టిన తడి వలయం. ఎడమ అంచున, ఆ తడి తగిలి సిరా కాస్త అలుక్కుపోయి, తెలుగులో, చిన్న అక్షరాలతో ‘కోరంగి’ అని ఉంది. పక్కన ప్రశ్నార్థకం లేదు. కింద గీత గీసి ఉంది. అంటే మాట వినబడలేదని తెలిసి, రాసి నా వైపు జరిపాడు. నేను దాని మీద మోచెయ్యి ఆనించి ఎనిమిదో ప్రశ్న వింటున్నాను.

నాలుగో రౌండులో ఎనిమిది, బొమ్మల్లో ఏడు. మొత్తం 43. మొదటి జట్టుకి 48, రెండో జట్టుకి 44. ఆ ఒక్కటి రాసి ఉంటే మాకు 45. లెక్క ఎవరూ పైకి అనలేదు, నలుగురమూ మనసులో వేసుకున్నాం.

బయటికొచ్చి మెట్రో స్టేషను వైపు నడుస్తుంటే, ‘నీకు ఎలా తెలుసు తమ్ముడూ?’ అని అడిగాను. పుస్తకంలో చదివి ఉంటాడనుకున్నాను.

‘మా నాయినమ్మ రంగంలోనే పుట్టింది వదినా’ అన్నాడు. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. ‘మా ముత్తాత అక్కడ రేవులో మూటలు మోసేవోడు. అక్కడోళ్ళు మనోళ్ళని కోరంగీ అనీవోరట. మంచి మాట కాదు. తిట్టు. నాయినమ్మ కోపమొస్తే తప్ప ఆ మాట అనదు. క్విజ్‌లో అడిగినపుడు... అదే మాటో కాదో, నలుగురిలో ఎలా చెప్పాలో తెలీలేదు.’

మేం ముగ్గురం ఆగిపోయాం. ఆ సందులో చెట్టు కింద నిలబడే మిగతాదంతా విన్నాం. ఉత్తరాంధ్ర తీరంలో కళింగపట్నం, భీమిలి లాంటి రేవుల నుంచి, ఇటు కాకినాడ నుంచి పొగ ఓడలు రంగూన్‌కి వెళ్ళేవి. ఊళ్ళో పంట పోతే ఓడెక్కడమే. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన వాళ్ళలో తెలుగువాళ్ళు లెక్కకి మించి ఉండేవారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపితే, వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్ళని మళ్ళీ తీసుకునేసరికి కొట్లాట మొదలై వీధుల్లో చంపుకునేదాకా వెళ్ళింది. మా ఆయనకి ఈ తేదీలు తెలుసు, రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆయన చదవనిది లేదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు వేసిందని ఆయనే అందించారు. కానీ ఆ రోజు ఒక ఆరేళ్ళ పిల్ల బియ్యం బస్తాల వెనక దాక్కుందని తమ్ముడు చెబితే, ఆయన దగ్గర ఇంక మాట లేదు. ఆ పిల్లనీ తల్లినీ ఓడెక్కించారు. తండ్రికి చోటు దొరకలేదు. లక్షల మందితో కలిసి అడవుల గుండా నడిచి, ఆమదాలవలస చేరేసరికి నాలుగు నెలలు పట్టింది. గుమ్మంలో నిలబడితే కూతురు గుర్తుపట్టలేదట.

ఏడాదిన్నర ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఇంత కథ ఉన్న మనిషిని నేను ‘టెక్నాలజీ ప్రశ్నలకి తమ్ముడు’ అని లెక్క వేసుకున్నాను. కొల్లూరు మా ఆయన ఇంటి నుంచి వచ్చింది, కరెంటు సంగతి అన్నయ్య ఊరి నుంచి వచ్చింది. తమ్ముడి ఇంటి నుంచి వచ్చేదాన్ని మాత్రం చెయ్యెత్తి ఆపాను. అక్కడే అతన్ని క్షమాపణ అడిగాను. ‘ఒక పాయింటుకేటి వదినా’ అన్నాడు. పాయింటు గురించి కాదని అతనికీ తెలుసు.

తరవాతి గురువారం నుంచి పద్ధతి మార్చాం. ప్రశ్న తెర మీద ఉండగా ఎవరూ మాట్లాడం. నలుగురం నాలుగు చీటీల మీద రాస్తాం, నేను నాలుగూ వరసగా పెట్టి చదువుతాను, తేడా ఉంటే ఎందుకో అడుగుతాను. అప్పుడే అసలు కాగితం మీద రాయడం. దీనివల్ల పది సెకన్లు ఎక్కువ పడుతుంది. మొదట్లో మా ఆయనకి నచ్చలేదు, ఆయన వేగం మనిషి. పెన్ను కూడా రౌండుకి ఒకరి చేతికి మారుతుంది. తమ్ముడి దస్తూరి కోళ్ళు కెలికినట్టు ఉంటుంది, దిద్దేవాళ్ళు రెండుసార్లు మమ్మల్ని పిలిచి ఇదేమిటని అడిగారు. అయినా మార్చుకోలేదు.

సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు పనిగట్టుకుని కోరంగి వెళ్ళాను. పడవ టికెట్ల దగ్గర అబ్బాయిని రేవు ఎక్కడుండేదని అడిగితే వింతగా చూశాడు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో పూడిపోయి, రెండు ఉప్పెనలు మీద పడి, ఓడల కాలం నాటిదేదీ నా కంటికి కనబడలేదు. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఎండ్రకాయలు బొరియల్లోకి పరిగెడుతున్నాయి. అక్కడి నుంచి తాళ్ళరేవు వెళ్ళాను. అక్కడ ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. కాలవ ఒడ్డున సగం కట్టిన పెద్ద పడవ ఒకటి, పక్కటెముకలు బయటికి కనబడుతూ నిలబడి ఉంది. ఒకాయన పలకల సందుల్లో నూలు దట్టిస్తున్నాడు. ఆయన్ని అడిగి ఫోటో తీసి తమ్ముడికి పంపాను, నాయినమ్మకి చూపించమని. పండక్కి అతనూ ఊళ్ళోనే ఉన్నాడు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. నాయినమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసిందట.

‘ఇది కాదురా. మాది పొగ ఓడ. ఇంతకంటే చానా పెద్దది’ అందట.